యుద్ధనౌకలను దేనితో తూచాలి: బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు, 1914-1916

(అనంతపురంలో చరిత్ర అధ్యాపకులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధంలో తలపడిన బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలను పోల్చి చెప్పమని నన్ను అడిగారు. రెండు దేశాల ఓడలను పక్కపక్కన పెట్టి, ఎవరి ఫిరంగి పెద్దది, ఎవరి ఉక్కు కవచం మందం, ఎవరు ఎన్ని ఓడలు ముంచారు అని పట్టిక వేయడం చాలా తేలిక. అలాంటి పట్టికల్లోని అంకెలు చాలావరకు నిజమైనవే. అయితే ఆ అంకెల నుంచి నేరుగా యుద్ధ ఫలితానికి గీత గీస్తే మాత్రం తప్పుడు తీర్పు దగ్గర తేలతాం. ఓడ నమూనాకూ ఆ ఓడ యుద్ధంలో చూపిన ఫలితానికీ మధ్య, దాన్ని ఏ పని కోసం కట్టారన్న ప్రశ్న ఒకటి, అందులోని సిబ్బంది రోజువారీ పని ఏ పద్ధతిలో చేసేవారన్న ప్రశ్న మరొకటి నిలబడి ఉంటాయి. నా దృష్టిలో రెండో ప్రశ్నే బరువైనది. చరిత్ర పుస్తకాలలో దానికి దక్కిన చోటు తక్కువ కనుక ఈరోజు ఎక్కువ సమయం దానికే కేటాయిస్తాను.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు ఈ యుద్ధం తగిలిన చోటు నుంచే మొదలుపెడదాం. 1914లో అనంతపురం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ క్రూయిజర్ మద్రాసు రేవు ముందుకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. పది నిమిషాలలో, అటూ ఇటుగా అంతే సమయంలో, నూరుకు పైగా గుండ్లు కాల్చి చీకట్లోకి వెళ్ళిపోయింది. ట్యాంకులు అంటుకున్నాయి, కొద్దిమంది చనిపోయారు. సైనికంగా చూస్తే అది చిన్న నష్టం. కానీ ఆ తర్వాతి రోజుల్లో వేలమంది మద్రాసు వదిలి ఊళ్ళకు బయలుదేరారు, వ్యాపారం స్తంభించింది, హిందూ మహాసముద్రం బ్రిటిష్ వారి పెరటి చెరువు వంటిదన్న నమ్మకానికి బీటలు పడ్డాయి.

ఇంత అలజడి రేపిన ఎండెన్ ఎంత ఓడ? దాదాపు 3,600 టన్నులు, పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు. ఆనాటి కొలతల్లో అది చిన్న ఓడ. దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దాన్ని ఏ పనికి కట్టారో ఆ పనికే వాడాడు: ఒంటరిగా తిరగడం, సరుకు ఓడలను పట్టుకోవడం, పట్టుకున్న ఓడల బొగ్గుతోనే తన బాయిలర్లు మండించుకోవడం, పెద్ద ఓడ కనిపిస్తే తప్పుకోవడం. ఎండెన్‌కు నిజంగా ఉన్న పొగగొట్టాలు మూడు. దూరం నుంచి బ్రిటిష్ క్రూయిజర్‌లా కనిపించాలని నాలుగోది నకిలీది నిలబెట్టారు. అక్టోబరు 28న పెనాంగ్ రేవులోకి ఆ వేషంతోనే వెళ్ళి జెమ్‌చుగ్ అనే రష్యన్ క్రూయిజర్‌ను ముంచారు.

నవంబరు 9న కోకస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ దాన్ని పట్టుకుంది. సిడ్నీ 5,400 టన్నుల ఓడ. దాని ఫిరంగులు ఎనిమిదే, కానీ ఆరంగుళాలవి. ఎండెన్ గుండు బరువు సుమారు 17 కిలోలైతే సిడ్నీ గుండు 45 కిలోలు. ముందు గురిగా కాల్చింది ఎండెనే. తొలి గుండ్లలోనే ఒకటి సిడ్నీ మీద దూరం కొలిచే పరికరాన్ని నాశనం చేసింది. జర్మన్ ఫిరంగిదారుల శిక్షణ ఎంత నిశితమో అక్కడే తెలిసింది. అయితే సిడ్నీ వేగం కొద్దిగా ఎక్కువ కావడం వల్ల దూరాన్ని తనకు అనుకూలంగా ఉంచుకోగలిగింది. దూరం తన చేతిలో ఉన్న వాడికి పెద్ద గుండు ఉంటే, ఎదుటివాడి నైపుణ్యం కొన్ని నిమిషాలకు మించి నిలవదు. ఎండెన్ దిబ్బకు ఎక్కే వేళకు అందులో నూట ముప్పైమందికి పైగా చనిపోయారు. సిడ్నీలో చనిపోయింది నలుగురు.

ఈ ఒక్క పోరును చూసి జర్మన్ నమూనా ఓడిందని అనగలమా? అనలేం. ముల్లర్ ఓడ తనకు అప్పగించిన పనిని మూడు నెలల పాటు చేసి చూపింది. సాటి క్రూయిజర్‌తో ఎదురెదురుగా నిలబడి పోరాడటం ఆ పనిలో భాగం కాదు. ఓడ చరిత్రను చివరి గంటతో కొలిచే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

దీనికి వారం రోజుల ముందే, ప్రపంచానికి అవతలి కొసన, చిలీ తీరంలో కొరొనెల్ యుద్ధం జరిగింది. 1914 నవంబరు 1న బ్రిటిష్ అడ్మిరల్ క్రాడాక్ పాత ఓడలతో అడ్మిరల్ ష్పేను ఎదుర్కొన్నాడు. ష్పే దగ్గర షార్న్‌హోర్స్ట్, గ్నైజెనౌ అనే రెండు కవచ క్రూయిజర్లు, ఒక్కొక్క దాని మీద ఎనిమిది 21 సెంటీమీటర్ల ఫిరంగులు ఉన్నాయి. క్రాడాక్ ఓడ గుడ్‌హోప్ మీద అంతకన్నా పెద్దవైన 9.2 అంగుళాల ఫిరంగులు ఉన్నాయి, కాని రెండే. మిగిలినవన్నీ ఆరంగుళాలవి, వాటిలో సగం ఓడ పక్కల్లో, నీటి మట్టానికి బాగా దగ్గరగా అమర్చినవి. ఆ సాయంత్రం సముద్రం పొంగుతోంది. కింది వరస ఫిరంగుల మీదుగా అలలు దొర్లుతుంటే గురి చూడటం కాదు, తలుపులు తెరవడమే కష్టమైంది. పట్టికలో లెక్కపెట్టిన ఫిరంగులలో చాలావాటికి ఆ రోజు నోరు లేదు. దానికి తోడు సూర్యుడు బ్రిటిష్ ఓడల వెనక అస్తమించాడు. జర్మన్లకు అవి ఎర్రటి ఆకాశం మీద నల్లటి బొమ్మల్లా కనిపించాయి. జర్మన్ ఓడలు మాత్రం తీరపు చీకట్లో కలిసిపోయాయి. గుడ్‌హోప్, మన్మత్ రెండూ మునిగాయి. వాటిలోని దాదాపు 1,600 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. జర్మన్ల వైపు ముగ్గురికి గాయాలయ్యాయి, అంతే.

ఐదు వారాలు దాటిన ఒకటి రెండు రోజులకే, డిసెంబరు 8న, ఫాక్‌లాండ్ దీవుల దగ్గర లెక్క తారుమారైంది. బ్రిటన్ ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే రెండు బ్యాటిల్ క్రూయిజర్లను దక్షిణానికి పంపింది. ఈ బ్యాటిల్ క్రూయిజర్ అన్న మాటను ఇక్కడ కొంచెం వివరించాలి, ఎందుకంటే ఇవాళ్టి కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే ఓడను సముద్రంలోకి దింపింది. పన్నెండంగుళాల ఫిరంగులు పది, ఆవిరి టర్బైన్లు, గంటకు 21 నాటికల్ మైళ్ళ వేగం. అది రావడంతో అంతకుముందు కట్టిన యుద్ధనౌకలన్నీ ఒక్కసారి పాతబడిపోయాయి. దాన్ని కట్టించిన అడ్మిరల్ ఫిషర్ మనసు అంతకంటే వేగమైన మరో రకం ఓడ మీద ఉండేది. డ్రెడ్‌నాట్ ఫిరంగులే ఉండాలి, వేగం 25 దాటాలి, దానికి మూల్యంగా కవచం తగ్గించుకోవాలి. ఇన్విన్సిబుల్ పక్క కవచం ఆరంగుళాలే. తనకంటే బలహీనమైన క్రూయిజర్లను వేటాడాలి, తనకంటే బలమైన వాటి నుంచి తప్పించుకోవాలి అన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

ఫాక్‌లాండ్‌లో ఆ ఆలోచన అక్షరాలా ఫలించింది. నెలల తరబడి సముద్రంలో తిరిగి అలసిన ష్పే ఓడలు తప్పించుకోలేకపోయాయి. బ్రిటిష్ ఓడలు దూరం నుంచి తీరిగ్గా కాల్చాయి. షార్న్‌హోర్స్ట్, గ్నైజెనౌలతో పాటు రెండు చిన్న క్రూయిజర్లు కూడా మునిగాయి. ష్పే, ఆయన ఇద్దరు కొడుకులు ఆ రోజే చనిపోయారు. జర్మన్ల వైపు పోయిన ప్రాణాలు దాదాపు రెండు వేలు. లండన్‌లో ఫిషర్ నమూనా రుజువైందని సంబరపడ్డారు.

నేను మాత్రం ఆ విజయం బ్రిటన్‌కు చేసిన హానిని గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఇన్విన్సిబుల్‌కు ఆ రోజు ఇరవైకి పైగా గుండ్లు తగిలాయి. అయినా అది నిబ్బరంగా నిలిచింది. కానీ తగిలినవి చాలా దూరం నుంచి వచ్చిన క్రూయిజర్ గుండ్లు. పెద్ద యుద్ధనౌకల గుండ్లు తగిలితే ఏమవుతుందన్న పరీక్ష అక్కడ జరగనేలేదు. జరగని పరీక్షలో నెగ్గామని నమ్మడం కన్నా పెద్ద ప్రమాదం యుద్ధంలో మరొకటి లేదు. పైగా ఆ రెండు ఓడలు వెయ్యికి పైగా గుండ్లు కాల్చి, వాటిలో చాలా తక్కువ మాత్రమే తగిలించగలిగాయి. ఆ సంగతి నుంచి తేలిన పాఠం ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువగా కాల్చాలన్నది అయింది.

ఇప్పుడు ఉత్తర సముద్రానికి వద్దాం. 1915 జనవరి 24న డాగర్ బ్యాంక్ దగ్గర బీటీ నాయకత్వంలోని బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్లు, హిప్పర్ నాయకత్వంలోని జర్మన్ దళాన్ని తరిమాయి. జర్మన్ల బ్లూషర్ మునిగింది. బీటీ ఎక్కిన లయన్ దెబ్బతిని, మరో ఓడ లాగితే తీరం చేరింది. పట్టికలో ఇది బ్రిటిష్ విజయమే. అయితే ఆ రోజు అతి ముఖ్యమైన సంఘటన తప్పించుకుపోయిన జైడ్‌లిట్స్ అనే జర్మన్ ఓడ లోపల జరిగింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి ఫిరంగి టరెట్ లోపలికి కాస్త దిగాలి.

టరెట్ అంటే బయటికి కనిపించే తిరిగే ఉక్కు గది ఒక్కటే కాదు. దాని కింద ఓడ అడుగు దాకా దిగే ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. అన్నిటికంటే కింద, నీటి మట్టానికి దిగువన, మందుగుండు గది. అక్కడి నుంచి మందు సంచులను పక్కనే ఉన్న అందింపు గదికి చేర్చి, బోనులో పెట్టి పైకి పంపుతారు. ఫిరంగికి కొద్దిగా కింద ఉండే పని గదిలో వాటిని మరో బోనులోకి మారుస్తారు. అక్కడి నుంచి ఫిరంగి వెనక్కి. ఈ దారి పొడవునా తలుపులు, రెక్కలు ఉంటాయి. ఒకటి మూశాకే మరొకటి తెరవాలన్నది నియమం. ఎందుకంటే పైన టరెట్‌లో పడిన మంట ఈ గొట్టం వెంట కిందికి పరుగెత్తితే, చివర ఉన్నది మొత్తం ఓడను గాలిలోకి లేపేంత మందు.

డాగర్ బ్యాంక్ దగ్గర లయన్ కాల్చిన గుండు జైడ్‌లిట్స్ వెనక టరెట్ గొట్టపు కవచాన్ని ఛేదించింది. పని గదిలో ఉన్న మందు అంటుకుంది. మంట కిందికి దిగింది. అందింపు గదిలో ఉన్నవారు తప్పించుకోవాలని పక్క టరెట్‌కు వెళ్ళే తలుపు తెరిచారు. మంట ఆ దారిలో పక్క టరెట్‌ను కూడా చుట్టేసింది. క్షణాల్లో 159 మంది మాడిపోయారు. మందుగుండు గదులకు నీళ్ళు వదిలే కవాటాలు అప్పటికే కాలి ఎర్రబడ్డాయి. వాటిని హైడ్‌కాంప్ అనే నావికుడు తన చేతులు కాలిపోతున్నా తిప్పి తెరిచాడు. ఓడ దక్కింది. ఆ గాయాలతో, పొగతో దెబ్బతిన్న ఆయన ఊపిరితిత్తులు తర్వాత ఎన్నడూ కోలుకోలేదు.

జర్మన్లు ఆ దుర్ఘటన నుంచి నేర్చుకున్నారు. ఫిరంగి దగ్గర, పని గదిలో ఒకేసారి ఉంచే మందు తగ్గించారు, తలుపుల విషయంలో కట్టుదిట్టాలు పెంచారు. జర్మన్ మందుకు మొదటి నుంచీ ఒక అదృష్టం ఉంది. ప్రధాన భాగం ఇత్తడి తొడుగులో ఉండేది, ఒక చిన్న భాగం మాత్రమే పట్టు సంచిలో ఉండేది. బ్రిటిష్ వారు వాడిన కార్డైట్ అనే మందు మొత్తం పట్టు సంచులలోనే ఉండేది. ప్రతి సంచికీ కొసన త్వరగా అంటుకోవడానికి నల్లమందు కుట్టి ఉండేది. ఆ మందు స్వభావం కూడా వేరు: జర్మన్ మందు అంటుకుంటే పెద్ద మంటగా మండేది, బ్రిటిష్ కార్డైట్ మూసి ఉన్న చోట పేలిపోయే అవకాశం ఎక్కువ.

అదే యుద్ధం నుంచి బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్ దళం నేర్చుకున్నది దీనికి తలకిందులు. శత్రువు తప్పించుకున్నాడు కనుక ఇంకా వేగంగా కాల్చాలన్నారు. వేగంగా కాల్చాలంటే మందు చేతికి అందుబాటులో ఉండాలి. సంచులను పెట్టెల్లోంచి ముందే తీసి అందింపు గదుల్లో, పని గదుల్లో పేర్చారు. మందుగుండు గది తలుపులను యుద్ధంలో తెరిచే ఉంచారు. నమూనా గీసిన ఇంజినీరు పెట్టిన ప్రతి తలుపునూ నావికుడు తన చేత్తో తీసేశాడని చెప్పవచ్చు. మన గుత్తి కోట ఎంత దుర్భేద్యమో మీకు నేను చెప్పనక్కరలేదు. 1776లో అది హైదర్ అలీ వశమైంది గోడలు పగిలి కాదు, పైన నీళ్ళు అయిపోయి. కోట గోడ మందం ఒక్కటే కొలిచినవాడికి ఆ ఫలితం ఎన్నటికీ అర్థం కాదు. ఓడల విషయమూ అంతే.

ఇక 1916 మే 31, డెన్మార్క్ తీరం దగ్గరి జట్లాండ్ యుద్ధం. బ్రిటిష్ నౌకలు 151, జర్మన్ నౌకలు 99. డ్రెడ్‌నాట్ తరహా యుద్ధనౌకలు బ్రిటన్‌కు 28, జర్మనీకి 16. బ్యాటిల్ క్రూయిజర్లు తొమ్మిదికి ఐదు. మధ్యాహ్నం దాటాక బీటీ, హిప్పర్ దళాలు ఒకదాన్నొకటి చూశాయి. నాలుగు గంటలు దాటిన కాసేపటికే బ్రిటిష్ ఓడ ఇండిఫాటిగబుల్ పేలిపోయింది. దాన్ని ముంచింది ఫాన్ డెర్ టాన్. ఈ రెండు ఓడలనూ పోల్చడం చాలా ఉపయోగకరం, ఎందుకంటే రెండూ ఒకే కాలానివి, పరిమాణంలో దగ్గరివి, ఒక్కొక్క దాని మీద ఎనిమిదేసి పెద్ద ఫిరంగులు. బ్రిటిష్ ఓడవి 30.5 సెంటీమీటర్లవి, జర్మన్ ఓడవి 28. పక్క కవచం బ్రిటిష్ ఓడకు సుమారు 15 సెంటీమీటర్లు, జర్మన్ ఓడకు 25. ఫాన్ డెర్ టాన్ ఆ ఓడ మీద కాల్చిన పెద్ద గుండ్లు 52 మాత్రమే. వెయ్యిమందికి పైగా ఉన్న సిబ్బందిలో బతికి బయటపడినవారు ఇద్దరు ముగ్గురు.

ఇక్కడిదాకా చూస్తే కవచం పల్చన కాబట్టి పోయిందని తీర్పు చెప్పాలనిపిస్తుంది. కానీ మరో ఇరవై నిమిషాలకు క్వీన్ మేరీ కూడా పేలిపోయింది. దాని పక్క కవచం తొమ్మిదంగుళాలు, ఇండిఫాటిగబుల్ కన్నా ఎంతో గట్టిది. అందులో 1,266 మంది చనిపోయారు. సాయంత్రం ఆరున్నరకు ఇన్విన్సిబుల్, మధ్య టరెట్‌లో గుండు పడి, నడిమికి రెండుగా విరిగింది. బతికినవారు ఆరుగురు. ఫాక్‌లాండ్‌లో ఇరవై దెబ్బలు తిని నిలిచిన ఓడ అదే.

అదే రోజు జర్మన్ ఓడల టరెట్ల కవచాలూ పగిలాయి. డెర్ఫ్లింగర్ వెనక టరెట్లు రెండూ లోపల మందు అంటుకుని, అందులోని సిబ్బంది దాదాపు అంతా కాలిపోయారు. జైడ్‌లిట్స్‌లోనూ మందు మండింది. మంట టరెట్ల మీదుగా కొన్ని బారల ఎత్తు లేచింది. ఓడ పేలలేదు. అంటే గుండు లోపలికి రావడం రెండు పక్షాలకూ జరిగింది. వచ్చాక ఏమైందన్నదే తేడా. కాబట్టి ఆ మూడు ఓడల చావుకు పల్చని కవచం కన్నా తెరిచి ఉంచిన తలుపులు, పేర్చి ఉంచిన సంచులు, ఆ మందు స్వభావమే ముఖ్య కారణమని నేను నమ్ముతాను. చాలామంది పరిశోధకులు ఇవాళ ఈ అభిప్రాయానికే వచ్చారు.

ఇందుకు సాక్ష్యం లయన్. దాని మధ్య టరెట్ కప్పును జర్మన్ గుండు చీల్చి లోపల పేలింది. టరెట్ అధికారి మేజర్ ఫ్రాన్సిస్ హార్వీ ప్రాణం పోయే గాయాలతోనే, మందుగుండు గది తలుపులు మూసి నీళ్ళు వదలమని ఆజ్ఞ ఇచ్చాడు. కొంతసేపటి తర్వాత లోపల రగులుతున్న నిప్పు పని గదిలోని సంచులకు అంటుకుంది. మంట గొట్టం వెంట అడుగు దాకా దిగి, దారిలో ఉన్న వారందరినీ చంపింది. మూసిన తలుపు దగ్గర ఆగింది. హార్వీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అయితే ఇంకొక మనిషి పేరు కూడా చెప్పాలి. లయన్‌లో అలెగ్జాండర్ గ్రాంట్ అనే ప్రధాన గన్నర్ ఉండేవాడు. డాగర్ బ్యాంక్ తర్వాత ఆ ఓడలో చేరిన ఆయన, సంచులను పేర్చే పద్ధతి చూసి భయపడి, ఒకసారికి అవసరమైనంత మందే బయటికి తీయాలని, తలుపులు మూసే ఉంచాలని పట్టుబట్టి అమలు చేయించాడు. కాల్చే వేగం తగ్గదని చేసి చూపించాడు. దళంలోని మిగిలిన ఓడల్లో ఆ పద్ధతి రాలేదు. లయన్, క్వీన్ మేరీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు కట్టిన ఓడలు. ఒకటి ఇంటికి వచ్చింది, ఒకటి రాలేదు. నమూనాల పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూపడానికి ఇంతకు మించిన జంట నాకు దొరకలేదు.

నమూనాకు అసలు విలువ లేదని నేను అంటున్నట్టు దయచేసి అనుకోవద్దు. జర్మన్ ఓడలు నిజంగానే గట్టివి. అందుకు కారణాలు ఉన్నాయి. జర్మన్ కొనిగ్ తరగతి యుద్ధనౌక వెడల్పు సుమారు 29.5 మీటర్లైతే, బ్రిటిష్ ఐరన్ డ్యూక్ వెడల్పు 27.5 మాత్రమే. బ్రిటన్‌కు అప్పటికే ఉన్న డ్రై డాకుల వెడల్పు ఓడల వెడల్పుకు హద్దు పెట్టింది. జర్మనీ కొత్తగా కట్టుకున్న డాకులకు ఆ ఇబ్బంది తక్కువ. వెడల్పు ఎక్కువైతే పక్కల్లో ఖాళీ అరలు ఎక్కువ పెట్టవచ్చు, టార్పెడో తగిలినా నీరు లోపలిదాకా రాకుండా ఆపవచ్చు. జర్మన్లు చిన్న గొట్టాల బాయిలర్లు వాడి బరువు మిగిల్చుకున్నారు, ఆ బరువును కవచంలో పెట్టారు. చిన్న ఫిరంగితో సరిపెట్టుకుని మరికొంత మిగిల్చారు. కొనిగ్ కవచం 35 సెంటీమీటర్లు, ఐరన్ డ్యూక్ కవచం 30.5. ఫిరంగి దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. కొనిగ్ గుండు 405 కిలోలు, ఐరన్ డ్యూక్ గుండు 635. క్వీన్ ఎలిజబెత్ తరగతి ఓడల పదిహేనంగుళాల గుండు 870 కిలోల దాకా ఉండేది. ఆ తరగతి ఓడలు బొగ్గు వదిలి చమురుతో నడిచాయి. వేగం, కవచం, ఫిరంగి మూడూ ఒకే ఓడలో కుదిరింది వాటిలోనే. నన్నడిగితే ఆ యుద్ధంలో పాల్గొన్న అన్ని ఓడల్లోకి ఉత్తమ నమూనా అదే. నాలుగు ఓడలు బీటీ వెనక నిలిచి, జర్మన్ ప్రధాన దళం మొత్తం కాల్పుల కింద గంటకు పైగా ఉండి, నాలుగూ తిరిగి వచ్చాయి.

ఇంత పెద్ద గుండ్లు ఉండి కూడా బ్రిటన్ జర్మన్ ఓడలను ఎందుకు ముంచలేకపోయింది? గుండులోనే లోపం ఉంది. కవచానికి ఏటవాలుగా తగిలినప్పుడు, దూరపు పోరులో తగిలేది దాదాపు అలాగే, ఆ గుండ్లు కవచం దాటి లోపల పేలడానికి బదులు పైనే పగిలిపోయేవి లేదా దాటుతూండగానే పేలిపోయేవి. అందులో నింపిన లిడ్డైట్ చిన్న తాకిడికే పేలే రకం. నిటారుగా తగిలితే ఎలా పనిచేస్తుందో పరీక్షించారు తప్ప, ఏటవాలు పరీక్షలు సరిగా చేయలేదు. కవచపు మందం పట్టికలో కనిపిస్తుంది, గుండు నాణ్యత కనిపించదు.

గురి విషయంలో కూడా ఒక మాట. మొదటి గంటలో జర్మన్లు మేలుగా కాల్చారు. వారి జైస్ దూరమాపకాలు మంచివి, పడమటి ఆకాశపు వెలుతురు మళ్ళీ బ్రిటిష్ ఓడల వెనకే ఉంది. అయితే సాయంత్రం వచ్చిన ఇన్విన్సిబుల్ దళం, తాను పేలిపోయే ముందు కొద్ది నిమిషాలలోనే, ల్యుట్సో అనే జర్మన్ బ్యాటిల్ క్రూయిజర్‌ను చావుదెబ్బ కొట్టింది. ఆ దళం అంతకుముందే స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న స్కాపాఫ్లో నౌకా స్థావరంలో కాల్పుల సాధన చేసి వచ్చింది. రొసైత్‌లో ఉండే బీటీ ఓడలకు అలాంటి సాధనకు చోటు దొరికేది కాదు. ఒకే నౌకాదళం, ఒకే రకం పరికరాలు, ఇంత తేడా.

ల్యుట్సో మునకలో జర్మన్ నమూనాకూ ఒక పాఠం ఉంది. ఎంతో జాగ్రత్తగా అరలు విభజించిన ఆ ఓడ ముందు భాగంలో, టార్పెడోలు వదలడానికి ఒక పెద్ద గది ఖాళీగా పెట్టారు. ఆ గదిలోకి చేరిన నీరే ఓడ ముక్కును కిందికి లాగింది. చివరికి జర్మన్లే సిబ్బందిని దింపి దాన్ని ముంచారు. జైడ్‌లిట్స్‌లోకి 5,300 టన్నుల నీరు చేరింది. ముందు భాగం నీట మునిగి, వెనక్కి నడుస్తూ అది రేవు చేరింది. ఫాన్ డెర్ టాన్ ఫిరంగులన్నీ ఒక దశలో మూగబోయినా, శత్రువు గుండ్లు తోటి ఓడల మీద పడకుండా పంచుకోవడానికని వరసలోనే నిలబడింది. ఆ ఓడలను కట్టినవారికీ నడిపినవారికీ ఈ గౌరవం దక్కాలి.

లెక్క చెప్పుకుందాం. బ్రిటన్ 14 ఓడలు, 6,094 ప్రాణాలు పోగొట్టుకుంది. జర్మనీ 11 ఓడలు, 2,551 ప్రాణాలు. జర్మన్ ప్రభుత్వం విజయం ప్రకటించింది. కానీ ఆ సాయంత్రం బ్రిటిష్ నౌకాదళాధిపతి జెల్లికో తన యుద్ధనౌకల వరసను జర్మన్ వరస ముందు అడ్డంగా పరిచినప్పుడు, జర్మన్ నౌకాదళాధిపతి షీర్ తన ఓడలన్నిటినీ ఒకేసారి వెనక్కి తిప్పి తప్పుకోవలసి వచ్చింది, అది కూడా ఒకసారి కాదు. రాత్రి చీకటిలో బ్రిటిష్ వరస వెనక నుంచి దూరి ఆయన ఇంటికి చేరాడు. జూన్ 2 సాయంత్రానికి జెల్లికో తన 24 యుద్ధనౌకలు నాలుగు గంటల వ్యవధిలో బయలుదేరగలవని నివేదించాడు. బ్రిటన్ తన నౌకాదళానికి అప్పగించిన పని జర్మనీ రేవులను దిగ్బంధంలో ఉంచడం. మే 30న ఆ దిగ్బంధం ఎలా ఉందో, జూన్ 1న కూడా అలాగే ఉంది.

ఈ విషయంలో నేను షీర్ సాక్ష్యాన్నే అన్నిటికన్నా ఎక్కువగా నమ్ముతాను. 1916 జులై 4న కైజర్‌కు పంపిన నివేదికలో ఆయన, పెద్ద ఓడల పోరు ఎంత బాగా జరిగినా బ్రిటన్‌ను సంధికి లొంగదీయలేమని, అందుకు జలాంతర్గాములతో బ్రిటిష్ వాణిజ్యం మీద దెబ్బ కొట్టాలని రాశాడు. 1917 ఫిబ్రవరి 1న జర్మనీ ఆ దారినే పట్టింది, రెండు నెలల తర్వాత అమెరికా యుద్ధంలోకి వచ్చింది.

బ్రిటన్ తన లోపాలను దిద్దుకుంది, ఆలస్యంగా. మందుగుండు గదుల పద్ధతులు వెంటనే మారాయి. కొత్త గుండ్లు ఓడలకు చేరేసరికి 1918 వచ్చింది, ఆ తర్వాత జర్మన్ పెద్ద దళంతో పోరు జరగనేలేదు. 1919 జూన్ 21న స్కాపాఫ్లోలో జర్మన్లు తమ ఓడలను తామే ముంచుకున్నప్పుడు, బాడెన్ అనే యుద్ధనౌకను బ్రిటిష్ వారు తీరానికి చేర్చి మునగకుండా ఆపగలిగారు. కొత్త గుండ్లను చివరికి దాని కవచం మీద కాల్చి చూశారు, 1921లో, సిబ్బంది లేని ఓడ మీద. గుండ్లు బాగానే పనిచేశాయి.

జలాంతర్గాముల పోరు గురించి, 1941లో హుడ్ అనే బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్ పేలిపోవడం గురించి ముందు వరుసలోని విద్యార్థులు చీటీలు పంపారు. వాటితోనే ప్రశ్నలు మొదలుపెడదాం.